నాలీ, కుందా: పేరు మిగలని పనితనం

తుపాకి అనగానే మన చరిత్ర పుస్తకాలు యుద్ధాల గురించి మొదలుపెడతాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఏ నవాబు పారిపోయాడు. ఆ తుపాకిని ఎవరు చేశారని అడిగే పుస్తకం అరుదు. మేము ఉర్దూలో గొట్టాన్ని నాలీ అంటాం, దాన్ని మోసే కొయ్యను కుందా అంటాం. తెలుగువాళ్ల తుపాకి తుర్కీ మాట. బందూకు అరబ్బీ నుంచి వచ్చింది. ఫిరంగి పార్శీ దారిన వచ్చింది. మాటలన్నీ తెలుగింట్లో పీట వేసుకుని కూర్చున్నాయి. ఆ వస్తువుల్ని చేసిన చేతులు మాత్రం గడప బయటే ఉండిపోయాయి.

ముందు ఆ పనేమిటో చూద్దాం. గొట్టం కర్రలా ఒకే లావున ఉండదు. మందు పేలే వెనక భాగం లావు, ముందుకు పోయేకొద్దీ సన్నం. పాత హిందూస్తానీ తోడాదార్ తుపాకుల్లో కొన్నింటికి మూతి దగ్గర మళ్లీ ఉబ్బు. అంటే అంగుళం అంగుళానికీ కొలత మారుతుంది. అలాంటి గొట్టానికి కొయ్యలో గాడి తియ్యాలంటే చిత్రిక తోసుకుంటూ పోతే కుదరదు. బాగా ఆరి చేవదేరిన అక్రోటు కొయ్యో, శీషం కొయ్యో ఎంచుకోవాలి. పచ్చి కొయ్య అయితే తర్వాత వంగి గొట్టాన్ని పక్కకు నెడుతుంది. చేతి పట్టు దగ్గర కొయ్య నార పొడవునా సాగాలి. అడ్డంగా ఉంటే ఎప్పుడో ఒకనాడు అక్కడే విరుగుతుంది.

నడిమధ్యన గీత గీసి, గుండ్రటి ఉలితో కొలతకంటే తక్కువగానే తొలుస్తారు. తర్వాత గొట్టానికి నూనెలో కలిపిన దీపపు మసి పూసి గాడిలో అదిమి తీస్తారు. మసి అంటిన చోటే కొయ్య ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రమే గీరాలి. మళ్లీ మసి, మళ్లీ అదమడం, మళ్లీ గీరడం. ఇలా ఎన్ని సార్లో లెక్కుండదు. గొట్టం నిటారుగా కిందికే దిగాలి. కాస్త వెనక్కి జరిగిందా, సన్నని భాగం వెడల్పు గాడిలోకి వచ్చి పొడవునా సందు తేలుతుంది. ఎక్కువ గీరిన కొయ్యను మళ్లీ పెంచలేం కదా!

ఇది అందం కోసం పడే పాట్లు కావు. పేలినప్పుడు గొట్టం వెనక్కి తన్నుతుంది. ఆ తన్నును కొయ్య సమానంగా మొయ్యాలి. ఒక్క మూలే మోస్తే అక్కణ్ణుంచి పగులు మొదలవుతుంది. తుపాకి పట్టినవాడి భుజం, చెంప ఆ పనివాడి ఓపిక మీద ఆధారపడి ఉంటాయి.

అక్బరు కాలంలో ఈ పనికి కొంత గౌరవం దక్కింది. 'ఐనె అక్బరీ'లో అబుల్ ఫజల్ తుపాకుల కార్ఖానా గురించి విడిగా రాశాడు. ఇనప రేకును కాగితం చుట్టినట్టు ఏటవాలుగా చుట్టి, చుట్టు చుట్టునూ కాల్చి అతికే పద్ధతి చెప్పాడు. ఇనుము ఎక్కడిది, చేసిందెవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన అన్నవి తుపాకిమీద చెక్కేవారని రాశాడు. ఉస్తాద్ కబీర్, హుసేన్ అని ఇద్దరి పేర్లూ చెప్పాడు. 1568లో చిత్తోడు కోట దగ్గర జయమల్లుణ్ణి కొట్టిన అక్బరు తుపాకి పేరు సంగ్రామ్. దాని పేరు అందరికీ తెలుసు. ఉస్తాద్ కబీర్ ఎందరికి తెలుసు?

తర్వాత ముంగేరు. బెంగాలు నవాబు మీర్ ఖాసిం ముర్షిదాబాదు విడిచి గంగ ఒడ్డున ఉన్న ఆ ఊరికి రాజధానిని మార్చుకున్నాడు. ఆర్మీనియా జాతి సేనాని గుర్గీన్ ఖాన్ అక్కడ తుపాకుల కార్ఖానా నడిపాడు. ముంగేరు తుపాకులు కంపెనీ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న వాటికంటే మెరుగని పోల్చి చూసిన ఇంగ్లీషు అధికారులే తేల్చినట్టు ఆనాటి చరిత్ర 'సియరుల్ ముతాఖరీన్' అనువాదకుడు రాశాడు. అయినా 1763లో ముంగేరు కోట పోయింది, 1764లో బక్సరులో ఓటమి. ఓడింది పనివాళ్ల ఉలి మాత్రం కాదు.

నవాబు పోయినా పని ఆ ఊళ్లో మిగిలింది. 1878 ఆయుధాల చట్టంతో తెల్లవాళ్లకు మినహాయింపు, హిందూస్తానీకి లైసెన్సు. తుపాకి ఉంచుకోవడానికే కాదు, చెయ్యడానికీ సర్కారు చీటీ కావాలి. 1959లో స్వతంత్ర భారతం కొత్త చట్టం చేసింది. 2019 సవరణతో మనిషికి మూడు తుపాకుల బదులు రెండే. తుపాకులు తగ్గడం మంచిదే, దానికి మేం అడ్డం చెప్పం. కానీ ముంగేరులో కమ్మరీ, వడ్రంగీ, హిందువూ, ముసల్మానూ పక్కపక్కన కూర్చుని చేసిన పని అది. లైసెన్సు కార్ఖానాలకు గిరాకీ సన్నగిల్లింది. ఇవాళ ఆ ఊరి పేరు పత్రికల్లో వచ్చేది దొంగ పిస్తోళ్ల వార్తల్లోనే. చేతిలో విద్య ఉండి కూడు లేనివాడి ముందు ఏ దారులుంటాయో ఆ వార్తలు రాయవు. కొందరు తప్పు దారి పడితే మొత్తం ఊరికే నేరస్థుల ముద్ర. ఇలా ముద్ర వెయ్యడం ఎలా ఉంటుందో మాకు వేరే చెప్పనక్కర్లేదు.

మన హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ ఉంది. దాన్ని తలిస్తే ఫ్రెంచి సేనాని రేమండ్ గుర్తుకొస్తాడు. 1798లో పోయినవాణ్ణి జనం మూసా రాముడని, మూసా రహీమని పిలుచుకుని మూసారాంబాగులో నిలుపుకున్నారు. మంచిదే. అక్కడ మూసలు పట్టినవాళ్ల పేర్లేవీ? దొరను గుర్తుంచుకున్న జనం తమలోని పనివాణ్ణి ఎందుకు మరిచారు?

ఈసారి మ్యూజియంలో పాత తుపాకి కనబడితే వెండి నగిషీని, కింద రాసిన రాజుగారి పేరును కాసేపు పక్కన పెట్టండి. ఇనుమూ కొయ్యా కలిసే గీతను చూడండి. వెంట్రుకంత సందు లేకపోతే, ఎవరో ఒక మనిషి దీపపు మసితో రోజుల తరబడి అక్కడ కూర్చున్నాడన్నమాట. అతను ఎవరని అడగడం మొదలుపెడితే, మా చరిత్రా, మీ చరిత్రా అని పంచుకున్న పుస్తకాలను మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది.