ఎద్దు మోయగల బరువు - ఆదోని కోటయు, కంప్యూటరు ఆటలును

పులిజూదమున 3 పులులు, 15 మేకలు ఉండును. మేక వెనుక చోటు ఖాళీగా నున్నచో పులి దానిపై నుండి దుమికి చంపును. ఆ చోట మరియొక మేక నిలిచినచో పులికి దారి లేదు. జట్టుగా నిలుచుటయే బలహీనుల బలమని ఈ ఆట నేర్పును. చదరంగము నేర్పునదియు ఇట్టిదే. కాని ఈ రెండు ఆటలును ఒక విషయమును విడిచిపెట్టినవి. పులిజూదపు మేకకు ఆకలి లేదు. చదరంగపు గుఱ్ఱము గడ్డి మేయదు. నిజమైన దండు కదలవలెనన్నచో తిండి కావలెను, మందుగుండు కావలెను, వానిని మోయుటకు పశువులు కావలెను.

ఈ లెక్కను ఆటలోనికి తెచ్చినవారి చరిత్ర ఆసక్తికరమైనది. 1824లో రైస్‌విట్జ్ అను ప్రష్యా సైనికాధికారి, పటముపై పాచికలతో, మధ్యవర్తి తీర్పులతో యుద్ధమును అభ్యసించు పద్ధతినొకదానిని ప్రకటించెను. అట్టి యుద్ధక్రీడల సంప్రదాయమునుండియే 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. ఇందు ఆటగాడు సైన్యమునంతటిని గాక ఒక్క వీరుని పాత్రను ధరించును. వీరుడు మోయు సామగ్రిని నాణెముల తూకముతో లెక్కించి, బరువు హెచ్చినకొలది నడక మందగించునని నియమము పెట్టిరి. 1981లో వచ్చిన ‘విజర్డ్రీ’ అను కంప్యూటరు ఆటలో జట్టునకు ఆరుగురు. ముందు వరుసలోని ముగ్గురు దెబ్బ కాచుకొందురు. వెనుక వరుసలోని వారు మంత్రములతో తోడ్పడుదురు. ఒక్కొక్కరు 8 వస్తువులకు మించి మోయరాదు. కొత్త డాలు దొరికినచో పాత వస్తువొకటి విడువవలసినదే. నేడు మన విద్యార్థులాడు అనేక సాహసక్రీడలకు ఈ రెండు ఆటలును పూర్వులని చెప్పవచ్చును.

ఈ నియమము కల్పనా? కాదు. ఎమ్మిగనూరునకు నైరుతి దిక్కుననున్న ఆదోని కొండకోట ఇందుకు సాక్ష్యము.

18వ శతాబ్దమున ఆదోని, నిజాం ఆలీ సోదరుడైన బసాలత్ జంగు జాగీరు. ఆయన 1782లో మరణించగా కుమారుడు మహబత్ జంగు వారసుడయ్యెను. 1786లో మైసూరు ప్రభువు టిప్పు సుల్తాను ఈ కోటను ముట్టడించెను. లోపలివారు గట్టిగా నిలిచిరి. ఇంతలో నిజాము, మరాఠాల సేనలు ఉత్తరమునుండి తుంగభద్రను దాటి సహాయమునకు వచ్చెను. టిప్పు తాత్కాలికముగా వెనుకకు తగ్గెను. కోట దక్కినదని తోచును గదా! కాని వచ్చినవారు కోటను నిలుపుకొనలేదు. మహబత్ జంగును, ఆయన కుటుంబమును వెంటబెట్టుకొని, ఫిరంగులను, నిల్వసామగ్రిని కోటలోనే విడిచి నది దాటి వెడలిపోయిరి.

ఏల? కారణము నదిలో కలదు. ఆదోని ప్రాంతమున వానలు తక్కువ. అయినను తుంగభద్ర వరదకు ఇక్కడి వానతో పని లేదు. తుంగ, భద్ర నదులు పడమటి కనుమలలో పుట్టినవి. నైరుతి ఋతుపవనములు అచ్చట కుండపోతగా కురియగా, ఆ నీరు మన మెట్టనేలల నడుమ వెల్లువై వచ్చును. 1953లో హోస్పేట వద్ద ఆనకట్ట పూర్తియగువరకు ఈ వెల్లువకు అడ్డు లేదు. నది పొంగినచో దాటివచ్చిన సేనకు ఉత్తరపు దారి మూసికొనిపోవును, తిండియు రాదు. ఉన్న కొద్ది దినములలో మనుష్యులను దాటింపవలెనా, బరువైన ఫిరంగులను దాటింపవలెనా? వారు మనుష్యులను ఎన్నుకొనిరి.

టిప్పు మరల వచ్చి కోటను స్వాధీనపరచుకొని, గోడలను పడగొట్టించి, ఫిరంగులను, సామగ్రిని గుత్తికిని, బళ్ళారికిని తరలించెను. పటమును చూడుడు: ఆ రెండు ఊళ్ళును నదికి దక్షిణముననే యున్నవి. ఆయన దాటవలసిన తుంగభద్ర లేదు. ఒకరికి మోయరాని బరువైనదే మరియొకరికి సంపద యయ్యెను. వస్తువు విలువ వస్తువునందు మాత్రమే లేదు. దానిని తరలించు దారియందును కలదు.

ఐదేండ్లకు ఇదే పాఠము ఆంగ్లేయులకును కలిగెను. 1791లో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్టణము వరకు పోయియు, ఎద్దులు చచ్చి, ధాన్యము తరిగి, తన పెద్ద ఫిరంగులను తానే ధ్వంసము చేసి వెనుదిరిగెను. మరుసటి యేడు ధాన్యమును ఎద్దులపై తెచ్చు బంజారాల సహాయముతో సరఫరాను చక్కబరచుకొని మరల వచ్చి గెలిచెను.

దీని వెనుకనున్న గణితము సులభము. ఒక మనిషి 20 దినముల తిండి మోయగలడనుకొనుడు. అతడు 6 దినములు నడచి, తిరిగి 6 దినములు రావలెను. దారిలో 12 దినముల తిండి తానే తినును. అప్పగింపగలిగినది 8 దినములది. గమ్యము 10 దినముల దూరమైనచో అప్పగింపదగినది శూన్యము! బంజారాల ఎద్దులు దారి పొడవున గడ్డి మేయుటచేతనే ఈ లెక్కను కొంత జయింపగలిగెను. గడ్డి లేని కరువులో వారి దారియు మూసికొనిపోవును.

కంప్యూటరు ఆటలు సంచికి హద్దు పెట్టి ఈ చరిత్రలో ఒక భాగమును పిల్లలకు నేర్పుచున్నవి. కాని పెక్కు ఆటలు మరియొక భాగమును దాచుచున్నవి. ఆటలోని సంచి ఎవరి పొలమును తొక్కదు. నిజమైన దండు నడచిన దారిలో రైతు గడ్డివామి పోయెను, కాడి ఎద్దులు పోయెను. గెలిచినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి. మోసినవారి పేర్లు నిలువలేదు.

ఉపాధ్యాయులు ఈ ఆటలను తరగతిగదిలోనికి తేవలసిన పని లేదు. ఒక కాగితము చాలును. తుంగభద్రను, ఆదోనిని, గుత్తిని, బళ్ళారిని గుర్తించి, ఆరుగురు మనుష్యులను, 4 ఎద్దులను, 10 వస్తువులను ఇచ్చి, 3 దినములలో నది పొంగునని చెప్పి, ఏమి తీసికొందురో, ఏమి విడుతురో విద్యార్థులను నిర్ణయింపుమనవచ్చును. పిమ్మట ఒక ప్రశ్న వేయవలెను: ఆ ఎద్దులు ఎవరివి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకు విద్యార్థి ఆటతో పాటు చరిత్రను కూడ గ్రహించినవాడగును.