తాతమ్మ తులసిమొక్క

చరిత్ర పుస్తకాల్లో రాజుల కత్తులుంటాయి, నాయకుల ఉపన్యాసాలుంటాయి. ఊరు ఊరంతా కదిలిపోయేటప్పుడు ఇల్లాలు ఏం మూటగట్టుకుందో మాత్రం ఎవరూ రాయరు. అది మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెబితే తెలియాల్సిందే.

చీరాల-పేరాల సంగతే చూడండి. ఆ రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్నులు పెరిగాయి. మగ్గం మీద బతికే బీదజనం "మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో" అన్నా సర్కారు వినలేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీగారు చీరాల వచ్చినప్పుడు, ఊరు విడిచి వెళ్ళడమూ ఒక మార్గమేనన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ముందు నడిచారు. ఆయన రామదండు అండగా నిలిచింది. వేలమంది ఇళ్ళు వదిలి, ఊరి బయట పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండకు ఎండి, వానకు తడిసి, దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది మా నాయనమ్మ చెప్పింది. ఆవిడ చీరాల ఆడపడుచు. అప్పటికి ఏడేళ్ళ పిల్ల.

"బిందెలూ బట్టలూ మా నాన్న నెత్తికెత్తి, మా అమ్మ మాత్రం తులసిమొక్కని పెళ్ళగించి, కుండలో పెట్టి చంకనేసుకుందే! నీళ్ళు అంతదూరం నుంచి మోసుకురావాలి. అయినా బియ్యం కడిగిన నీళ్ళు దాచి, దానికి పోసేది" అనేది.

ఈ కథ మా అమ్మాయికి చెబితే, "చివరికి గెలిచారా అమ్మా?" అంది.

లేదు. గోపాలకృష్ణయ్యగారికి జైలుశిక్ష పడింది. జనం మళ్ళీ పాత ఇళ్ళకే చేరారు. మునిసిపాలిటీ కూడా అలాగే ఉండిపోయింది.

"మరి ఓడిపోయిన కథ చెప్పుకోవడం ఎందుకు?"

ఎందుకంటే, గెలిచినవాళ్ళకు శిలాఫలకాలుంటాయి. ఓడినా తలవంచనివాళ్ళకు నాయనమ్మల నోరే ఆధారం. పాకలో ఉన్నా తులసిమొక్కకు నీళ్ళు పోసుకున్న ఇల్లాలు, తన ఇల్లు పోయిందని ఒప్పుకోలేదన్నమాట! ఆ పట్టుదల పిల్లలకు అందాలంటే పన్నుల లెక్కలు సరిపోవు.

మీ ఇంట్లోనూ ఒక అమ్మమ్మో, పెద్దత్తయ్యో ఉండే ఉంటారు. "మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడిగితే, "ఏముందే, అన్నీ కష్టాలే" అని ఊరుకుంటారు. అలా కాదు. వరదొచ్చిన నాడు పొయ్యి ఎక్కడ పెట్టారు, కరువులో ఏం వండారు, ఊరు మారినప్పుడు ఏం వెంట తెచ్చుకున్నారు అని అడగండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ అడగండి. ఏ సంవత్సరమో తర్వాత పుస్తకంలో చూసుకోవచ్చు. బియ్యం కడిగిన నీళ్ళ సంగతి మాత్రం వాళ్ళే చెప్పాలి.