చెట్టు స్థిరాస్తా, చరాస్తా?

మీ ఇంట్లో పాత క్రయ దస్తావేజు వుంటే ఒకసారి తీసి చూడండి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం అంటూ ఒక వరస కనపడుతుంది. రాసేవాడు ఒక్క ఊపిరిన రాసేస్తాడు, వినేవాడు తల ఊపుతాడు. విజయనగర రాజులు అగ్రహారాలు దానమిచ్చినప్పుడు తామ్రశాసనాలలో చెక్కించినవీ ఈ అష్టభోగాలే. పొలమంటే ఒట్టి మన్ను కాదు. అందులోని నీరూ, రాయీ, రాబోయే ఫలసాయమూ కలిపి పొలమన్నమాట. (నిధి మాటకు మాత్రం ఆశపడకండి. 10 రూపాయలు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878లోనే చట్టం చేశారు.)

ఆస్తిని స్థావరమనీ జంగమమనీ మన పెద్దలు ఏనాడో విడదీశారు. మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయమనే పేర తెలుగు చేశాడు. కొడుకుల సమ్మతి లేనిదే తండ్రి స్థావరం అమ్మరాదన్నది మితాక్షర కట్టు. పుట్టినవాళ్ళకూ, పుట్టబోయేవాళ్ళకూ కూడు పెట్టేది భూమే గదా!

ఇంగ్లండులో దారి వేరు. అక్కడ భూమి పోగొట్టుకున్నవాడు దావా వేస్తే ఆ భూమినే తిరిగి ఇప్పించేవారు. వస్తువు పోతే చాలావరకు వెల కట్టి ఇప్పించేవారు. అందుచేత ఆస్తి రియల్, పర్సనల్ అని రెండయింది. ఆ పేర్లు మనకు అంటలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమూ స్థిరాస్తి, చరాస్తి అనే మాటలతోనే నడుస్తున్నాయి.

భూమి స్థిరం, గొడ్డు చరం. ఇంతవరకు తగాదా లేదు. తగాదా అంతా చెట్టు దగ్గర. వేరు నేలలో వున్నది కాబట్టి చెట్టు స్థిరాస్తి. కాని కొట్టడానికి సిద్ధంగా నిలిచిన కలప, ఎదిగే పైరు, గడ్డి, చెట్టు మీది కాయ, చెట్టులోని రసం, వీటన్నిటినీ రిజిస్ట్రేషను చట్టం చరాస్తిలో వేసింది. తాటిచెట్టు స్థిరం, అందులోని కల్లు చరం! నవ్వు వచ్చినా ఇందులో మేలున్నది. చేతికొచ్చిన కాయ అమ్ముకోవడానికి రిజిస్ట్రారు కచేరీ చుట్టూ తిరగనక్కరలేదు.

మరి చెట్టు ఎప్పుడు కలప అవుతుంది? 1958లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వ్యాజ్యం వచ్చింది. ఒక జమీందారు తన అడవుల్లో కలప కొట్టుకునే హక్కు 1948లో 26,000 రూపాయలకు భార్యకు రాసి ఇచ్చాడు. గడువు పన్నెండేళ్ళ పైమాట. కాగితం రిజిస్టరు కాలేదు. ఇంతలో జమీందారీలు రద్దయి అడవి ప్రభుత్వపరమయింది. నరకడానికి తగిన దశకు వచ్చి, త్వరలో నరకబోయే మానే నిలువు కలప అన్నారు జస్టిస్ వివియన్ బోస్. ఏళ్ళ తరబడి నేల సారం పీలుస్తూ పెరిగేది చెట్టే, స్థిరాస్తే. ఆవిడ ఓడిపోయింది. అంతకు ముందు 1955లో చిల్క సరస్సు విషయంలోనూ ఇంతే. చేప కదిలేదే కావచ్చు. రాబోయే ఏళ్ళలో సరస్సులో దిగి చేపలు పట్టుకుపోయే హక్కు మాత్రం స్థిరాస్తి అని తేల్చారు. 100 రూపాయలు దాటిన అటువంటి హక్కుకు నోటిమాట చాలదు.

కాబట్టి ఈ ఏటి కాపు అమ్మడం ఒకటి, పదేళ్ళపాటు తోటలో దిగి కోసుకునే హక్కు ఇవ్వడం మరొకటి. రెండోదాన్ని తెల్లకాగితం మీద రాసుకుంటే కోర్టులో నిలవడం కష్టం.

పైరు వుండగా పొలం అమ్మితే, వేరే ఒప్పందం లేకపోతే పైరూ చెట్లూ పొలంతోటే పోతాయి. కాపు మీదనుకుంటే దస్తావేజులో ఒక్క వాక్యం రాయించండి. బావి దగ్గర దిమ్మె మీద బిగించిన మోటారుకు ఇది మరీ అవసరం. అది శాశ్వతంగా వుంచడానికి బిగించిందా, కావలసినప్పుడు విప్పుకుపోయేదా అన్న వాదన ఏళ్ళకేళ్ళు సాగుతుంది.

అప్పు సంగతీ చెప్పాలి. 1908 సివిల్ ప్రొసీజర్ కోడు పైరును చరాస్తి అన్నది కాబట్టి డిక్రీదారు దాన్ని జప్తు చేయించవచ్చు. అదే కోడు, రైతు బ్రతుకుతెరువుకు అవసరమని కోర్టు తలచిన పనిముట్లనూ, పశువులనూ, విత్తనాలనూ జప్తు నుంచి మినహాయించింది. అమీను వాకిట్లోకి వచ్చాడంటే, మరునాడే కోర్టుకు వెళ్ళి ఆ మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టండి.