పెరికెద్దు నుంచి బైకు దాకా... ఓ సంచి కథ

ఆమధ్య బండి మీద శ్రీశైలం వెళ్తున్నా. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఓ గుంతలో పడగానే వెనక టప్పుమని చప్పుడు. ఆగి చూద్దును కదా, ఎడమ పక్క సంచి ఒకే ఒక్క క్లిప్పు మీద వేలాడుతూ చక్రాన్ని రాసుకుంటోంది. ఇంకాస్త ఉంటే చువ్వల్లోకి వెళ్ళేదే, దాంతోపాటు నేనూ! "ఒక్క నొక్కుతో ఊడొస్తుంది సార్" అని చెప్పి అమ్మాడు షాపతను. నొక్కకుండానే ఊడొచ్చింది.

తాడేసి కట్టుకుని ఎలాగో ఇల్లు చేరాక, ఈ తగిలించుకునే సంచుల సంగతేంటో తవ్వడం మొదలెట్టా. తేలిందేంటంటే, ఈ సమస్య బైకుల కంటే చాలా పాతది.

మనకి 'పెరిక' అని ఓ మాటుంది. ఎద్దు వీపుకి రెండు పక్కలా వేలాడేట్టు వేసే జోడు సంచి. ధాన్యం, ఉప్పు ఇలా పెరికెద్దుల మీదే ఊళ్ళు దాటేవి. లంబాడీల బిడారులైతే సైన్యాలకి కూడా తిండిగింజలు మోశాయి. అటూ ఇటూ బరువు సమానంగా ఉంటే చాలు, ఆ బరువే సంచిని నిలబెడుతుంది. మజిలీ రాగానే ఎత్తి దించెయ్యడమే.

అమెరికాలో 1860 ఏప్రిల్ నుంచి 1861 అక్టోబరు దాకా పోనీ ఎక్స్‌ప్రెస్ నడిచింది. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్ నుంచి కాలిఫోర్నియాలోని శాక్రమెంటోకి దాదాపు 1,900 మైళ్ళు, సుమారు 10 రోజుల్లో ఉత్తరాలు చేర్చాలి. దారిలో గుర్రం మార్చడానికి ఇచ్చిన టైము 2 నిమిషాలు. కట్లు విప్పుతూ కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకని 'మోచీలా' వాడారు. జీను మీద పరిచే తోలు, దానికి నాలుగు గట్టి జేబులు. జీను ముందు కొమ్ముకీ, వెనక అంచుకీ సరిపడా తోలుకి కంతలు. రౌతు దాని మీదే కూర్చుంటాడు కాబట్టి కదలదు. దిగగానే లాగేసి కొత్త గుర్రం మీద పడెయ్యడమే.

ఇక్కడ తెలివంతా ఒక్కచోటే ఉంది. బరువు మోసేది జీను, జారకుండా ఆపేవి కంతలూ రౌతూ, ఉత్తరాలని కాపాడేది జేబు తాళం. మూడు పనులకి మూడు వేరు వేరు ఏర్పాట్లు. మన భాషలో లూజ్ కప్లింగ్ అన్నమాట :)

బైకు దగ్గరికొచ్చేసరికి కథ మారింది. గుర్రానికున్నంత వీపు దీనికెక్కడిది? పైగా పక్కనే తిరిగే చువ్వలు, కాలే సైలెన్సరు, ఆగని వణుకు. బోల్టులతో బిగిస్తే సంచి పడదు, కానీ రాత్రి లాడ్జిలో దిగాక సామానంతా ఒక్కొక్కటీ మోసుకోవాలి. 1970ల్లో బీఎండబ్ల్యూ బళ్ళ మీద కనబడ్డ జర్మనీ క్రౌజర్ పెట్టెలు దీనికో దారి చూపించాయి. ఇనప చట్రం బండికే ఉండిపోతుంది, పెట్టె మాత్రం సూట్‌కేసులా చేతికొస్తుంది. 1978లో జుసెప్పే విసెంజి అనే రేసర్ ఇటలీలో 'జీవి' కంపెనీ పెట్టాడు. వాళ్ళ మోనోకీ పద్ధతిలో పెట్టె తెరవడానికీ, బండి నుంచి తియ్యడానికీ ఒకటే తాళంచెవి.

ఇదంతా చదివాక నా క్లిప్పు చేసిన తప్పేంటో అర్థమైంది. మొయ్యడం, ఆపడం, బిగించడం మూడూ అదొక్కటే చేస్తోంది. వణుకుకి దాని స్ప్రింగు వదులైంది, మూడూ ఒకేసారి పోయాయి.

అందుకే ఈసారి కొనేముందు షాపులోనే లాక్ తీసేసి చూస్తా. అప్పుడు కూడా సంచి కొక్కేల మీద కూర్చునే ఉండాలి. కొక్కేనికీ చట్రానికీ మధ్య రబ్బరుండాలి. గట్టిగా లోపలికి నొక్కినా చక్రానికి తగలకూడదు. ఇవన్నీ కుదిరాకే ఎంత తొందరగా ఊడుతుందనేది.

ఇక షాపతను మళ్ళీ "ఒక్క నొక్కుతో ఊడొస్తుంది సార్" అంటే, "ఎవరు నొక్కితే?" అని అడుగుదామనుకుంటున్నా. తాళం లేకపోతే మనకెంత తేలికో దొంగకీ అంతే తేలిక కదా!