ఇంజనీరు పట్టమా? కంప్యూటరు పట్టమా?

ఇంటర్మీడియట్ పరీక్షాఫలితములు వెలువడినంతనే అనేక గృహములలో ఒకే ప్రశ్న తలయెత్తుచుండును. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి ఇంజనీరింగు శాఖలలో చేరుట మేలా? కంప్యూటరు శాస్త్రమున చేరుట మేలా? దేనివలన ఉద్యోగము త్వరగా లభించును? ఇట్లు అడుగువారు ఈ రెండు చదువులును ఆదినుండి వేరువేరుగానే యుండెనని తలంతురు. వాని చరిత్రను కొంచెము పరిశీలింతము.

1946వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునందు ఎనియాక్ అను గణనయంత్రమును ప్రజలకు ప్రదర్శించిరి. అందు సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండెను. దానిని రూపొందించినవారిలో ఎకర్ట్ ఎలక్ట్రికల్ ఇంజనీరు, మాక్లీ భౌతికశాస్త్రజ్ఞుడు. ఆ యంత్రమునకు ప్రోగ్రాములు సిద్ధపరచినవారు అంతకుముందు స్వయముగా లెక్కలు కట్టుచుండిన ఆరుగురు యువతులు. వీరిలో ఒక్కరికైనను కంప్యూటరు పట్టము లేదు. ఏలయన అట్టి పట్టము అప్పటికి ప్రపంచమున ఎచ్చటను లేదు.

యంత్రముల సంఖ్య పెరిగినకొలది, వానికి పని చెప్పు విద్య ఒక ప్రత్యేకశాస్త్రమని తెలియవచ్చినది. 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఈ విషయమున ఒక డిప్లొమా ప్రారంభించెను. 1962లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమునకు ప్రత్యేక శాఖ ఏర్పడినది.

మన దేశమునను ఇదే క్రమము కానవచ్చును. బొంబాయిలోని టాటా పరిశోధనాసంస్థలో నిర్మించిన టిఫ్రాక్ యంత్రము 1960లో పనిచేయ నారంభించెను. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎమ్. 1620 యంత్రము వచ్చెను. అచ్చట కంప్యూటరు విద్యను నెలకొల్పినవారిలో ముఖ్యులైన వి. రాజారామన్ గారు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివినవారే. 1967లో హైదరాబాదునందు స్థాపితమైన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను.

ఇక ఉద్యోగముల సంగతి. సివిల్, మెకానికల్ ఇంజనీర్లకు పని దొరకవలెనన్న ముందుగా ఆనకట్టయో, కర్మాగారమో, విద్యుత్కేంద్రమో తలపెట్టవలెను. దానికి పెద్ద మూలధనము కావలెను. 1966 తరువాత పంచవర్ష ప్రణాళికలకు మూడేండ్లు విరామము కలుగగా, పట్టభద్రులైన ఇంజనీర్లు వేలసంఖ్యలో నిరుద్యోగులైరి. సాఫ్ట్‌వేరు పనికి అంత మూలధనము అవసరము లేదు. ఇచ్చట వ్రాసిన ప్రోగ్రాము క్షణములో దూరదేశమునకు చేరును. కావున ఈ రంగమున ఉద్యోగములు శీఘ్రముగా పెరుగును. గిరాకి పడిపోయినపుడు అంత శీఘ్రముగానే తగ్గును. పాత ప్రోగ్రాములలో 2000 సంవత్సరపు తేదీని సరిదిద్దు పనికై 1990ల చివర తెలుగునాటినుండి అనేకులు అమెరికాకు వెళ్ళిరి. 2001లో అచ్చటి కంపెనీలు దెబ్బతినగా వారిలో పలువురు పని కోల్పోయిరి. మంచిరోజులును, గడ్డురోజులును రెండు పట్టములవారికిని వచ్చినవే.

మరి నిలిచినదేమి? నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన డాక్టరు రాజ్ రెడ్డిగారి జీవితము ఇందుకు సమాధానము చెప్పును. వారు 1958లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలనుండి సివిల్ ఇంజనీరింగు పట్టము పొందిరి. ఆస్ట్రేలియాలో చదువుచు కంప్యూటరుతో పరిచయము కలిగించుకొని, పిదప అమెరికాకు వెళ్ళి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కంప్యూటరు శాస్త్రమునందు డాక్టరేటు గడించిరి. మానవుని మాటను యంత్రము గ్రహించునట్లు చేయుటకై విశేషకృషి సల్పిరి. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి టూరింగ్ బహుమానమును స్వీకరించిరి. కట్టడముల లెక్కలు నేర్చిన విద్యార్థి కంప్యూటరు శాస్త్రమున ఇంతవాడగుటకు గణితమున గట్టి పునాదియు, క్రొత్త విద్య నేర్చు ఉత్సాహమును తోడ్పడినవి.

కావున ఉపాధ్యాయులు తమ సలహా కోరవచ్చిన విద్యార్థిని, ఈ సంవత్సరము జీతము ఎందెక్కువయని లెక్కించుటకు ముందు, అతడు ఏ పాఠమును ఎవరును చెప్పకయే చదువుచున్నాడో అడుగుట మంచిది. పట్టము మొదటి ఉద్యోగమునకు దారి చూపును. ఆ తరువాతి ముప్పది యేండ్లలో యంత్రములు ఎన్నిమార్లు మారునో, అన్నిమార్లు అతడు మరల విద్యార్థి కావలసియుండును.