పిస్టల్ కింద పడితే? కోల్ట్ 1911 లోపల లేని గడియ కథ



తుపాకి చరిత్ర అనగానే మనకు 1922 ఆగస్టు గుర్తొస్తుంది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు, గాం గంటం దొర, అల్లూరి. ఆ కథ మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఈసారి ఆయుధాన్నే విప్పి చూద్దాం. ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారో దాని లోపలి భాగాలే చెబుతాయి.

1898లో స్పెయిన్ నుంచి ఫిలిప్పీన్స్‌ని అమెరికా తీసుకుంది. అక్కడి జనాన్ని ఎవరూ అడగలేదు. దక్షిణాన మిందనావో, సులు దీవుల్లోని మోరో ప్రజలు లొంగలేదు, కత్తులు పట్టుకుని ఎదురు తిరిగారు. .38 రివాల్వర్ తూటా తగిలినా వాళ్లు ఆగకుండా మీదికొస్తున్నారని సైన్యం ఫిర్యాదు చేసింది. దాంతో 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు ఆర్మీ అధికారులు షికాగో కబేళాల్లో బతికున్న పశువుల మీద, ఇంకోపక్క మనుషుల శవాల మీద రకరకాల తూటాలు కాల్చి చూశారు. (టామీ గన్‌కి పేరిచ్చింది ఈ థాంప్సనే.) .45కి తగ్గితే లాభం లేదని తేల్చారు. 1906 మార్చిలో బుడ్ డాజో కొండ మీద ఆడవాళ్లు, పిల్లలతో సహా వందలాది మోరోలను అమెరికా సైన్యం చంపేసింది. 1911 మార్చి 29న జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన .45 కోల్ట్ పిస్టల్ సైన్యంలోకి వచ్చింది. 1985లో బెరెట్టాని ఎంచుకునే దాకా అదే వాళ్ల ప్రధాన పిస్టల్.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వెళ్లి ఫైరింగ్ పిన్‌ని కొడుతుంది, పిన్ ముందుకెళ్లి తూటా వెనకున్న క్యాపుని పొడుస్తుంది. మామూలప్పుడు ఆ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచేది ఒక స్ప్రింగు మాత్రమే. బ్రౌనింగ్ పెట్టిన రెండు సేఫ్టీలు, ఒకటి బొటనవేలు దగ్గర, ఒకటి పిడి వెనక, సుత్తినీ ట్రిగ్గర్‌నీ ఆపుతాయి. పిన్‌ని ఆపవు. ఆర్టీసీ బస్సు సడన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలుతారు కదా, అలాగే గొట్టం నేలవైపు ఉండి పిస్టల్ ఎత్తు నుంచి గట్టి నేల మీద పడితే, పిస్టల్ ఆగుతుంది, పిన్ ఆగదు. ట్రిగ్గర్ ఎవరూ ముట్టకపోయినా పేలే అవకాశం ఉంది.

దీనికి మందు పెద్దదేం కాదు. పిన్‌కి అడ్డంగా ఒక చిన్న గడియ. 1930ల చివర్లో కోల్ట్ కంపెనీ స్వార్ట్జ్ సేఫ్టీ పేరుతో కొన్ని పిస్టళ్లలో పెట్టింది కూడా. పిడి గట్టిగా పట్టుకుంటేనే ఆ గడియ తొలగుతుంది. యుద్ధం రాగానే ఆపేశారు. మళ్లీ 1983లో సిరీస్ 80 అని తెచ్చారు, ఇందులో ట్రిగ్గర్ పూర్తిగా లాగితేనే గడియ లేస్తుంది. అంతకు ముందు 1970లో వచ్చిన సిరీస్ 70లో ఈ గడియ లేదు. తమాషా ఏంటంటే, సిరీస్ 70 అనే పేరు వచ్చింది గొట్టం చివర బుషింగ్ మార్చినందుకు. ఇప్పుడు ఆ పేరంటే గడియ లేనిది అని అర్థమైపోయింది.

గడియ ఉంటే ట్రిగ్గర్ బరువుగా, గరుకుగా తగులుతుందని పోటీల్లో కాల్చేవాళ్ల ఫిర్యాదు. అందుకే స్ప్రింగ్‌ఫీల్డ్ కంపెనీ గడియ పెట్టకుండా తేలికైన టైటానియం పిన్, గట్టి స్ప్రింగు వాడింది. పిన్ బరువు తగ్గితే ముందుకు దూకే జోరూ తగ్గుతుంది. మంచి ఉపాయమే. కానీ అడ్డం ఉండటం వేరు, జోరు తగ్గడం వేరు అని మాకనిపిస్తుంది.

ఎదుటి మనిషి పడిపోవాలంటే ఏం చేయాలని 1904లోనే పరీక్షలు పెట్టారు. పిస్టలే పడిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు కోల్ట్ గట్టి జవాబు ఇవ్వడానికి 1983 దాకా పట్టింది. కాలిఫోర్నియాలో అమ్మే కొత్త పిస్టళ్లకు కింద పడేసే పరీక్ష తప్పనిసరైంది 2001లో.

గడియ ఉన్నా కథ అయిపోలేదు. సిగ్ సావర్ పి320లో గడియ ఉంది. అయినా ఒక కోణంలో కింద పడితే ట్రిగ్గరే తన బరువుకి తాను కదిలి పేలుతోందని 2017లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టులో కంపెనీ ట్రిగ్గర్ బరువు తగ్గించి, మార్చి ఇస్తామని ప్రకటించింది.

బుడ్ డాజో గురించి విడిగా ఒక పోస్టు రాస్తాం. మోరోల చరిత్ర చదివినవాళ్లు ఉంటే కామెంట్లలో చెప్పండి, కలిసి రాద్దాం.