శాన్ ఫ్రాన్సిస్కో సైకడెలిక్ సంస్కృతి

1960లలో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో, ముఖ్యంగా హైట్-యాష్‌బరీ పేటలో, ఎల్‌ఎస్‌డీ అనే భ్రాంతి కలిగించే మత్తుమందు చుట్టూ అల్లుకున్న సంగీతం, బొమ్మలు, బతుకు తీరు అన్నిటినీ కలిపి ఇలా అంటారు. వాడేవాళ్లు ఆ మందును 'యాసిడ్' అనేవారు.

స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ దీన్ని 1938లో తయారుచేశాడు. మనసు మీద దాని ప్రభావం 1943లో బయటపడింది. ఈ నగరానికి దాన్ని మొదట తెచ్చిపెట్టింది హిప్పీలేననుకుంటే పొరపాటు. 1950లలోనే గూఢచారి సంస్థ సీఐఏ టెలిగ్రాఫ్ హిల్ మీద ఒక ఇల్లు తీసుకుంది. వేశ్యల ద్వారా విటులను అక్కడికి రప్పించి, వాళ్లకు తెలియకుండా మందు పట్టించి, ఒకవైపు నుంచే కనిపించే అద్దం వెనక కూర్చుని గమనించింది. దగ్గర్లోని మెన్లో పార్క్ మాజీ సైనికుల ఆసుపత్రిలో అదే సంస్థ పరోక్షంగా నిధులిచ్చిన ప్రయోగాలకు కూలి తీసుకుని వెళ్లినవాడు రచయిత కెన్ కీసీ. 1965 నవంబరు నుంచి అతను జరిపిన, ఎల్‌ఎస్‌డీ తీసుకునే 'యాసిడ్ టెస్ట్' వేడుకల్లో గ్రేట్‌ఫుల్ డెడ్ రాక్ బృందం వాయించేది. అప్పటికి ఎల్‌ఎస్‌డీ వాడకం నేరం కాదు. ప్రయోగాల్లో పరిచయమైన మందు వేడుకల్లోకి వచ్చింది అలాగే.

ఫిల్‌మోర్, అవలాన్ హాళ్ల కచేరీలకు వెస్ విల్సన్, విక్టర్ మాస్కోసో వేసిన పోస్టర్లు ఇప్పటికీ కళ్లను కట్టిపడేస్తాయి. అక్షరాలు కరిగిన మైనంలా ఒకదాన్లోకి ఒకటి జారుతుంటాయి. పక్కపక్కన పడిన ముదురు రంగులు అదురుతున్నట్టుంటాయి. ఎవరు పాడుతున్నారో తెలియాలంటే గోడ ముందు కాసేపు నిలబడాల్సిందే. నిలబెట్టడమే వాటి పని!

కాలిఫోర్నియా 1966 అక్టోబరు 6న ఎల్‌ఎస్‌డీని నిషేధించింది. అయినా జోరు తగ్గలేదు. 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో 'హ్యూమన్ బీ-ఇన్' అనే సమావేశానికి వేలమంది చేరారు. ఆ నెలాఖరున హరేకృష్ణ ఉద్యమ గురువు భక్తివేదాంత స్వామి ప్రభుపాద అవలాన్ వేదిక మీద రాక్ బృందాల నడుమ హరేకృష్ణ కీర్తన చేయించారు.

ఆ వేసవికి హైట్-యాష్‌బరీకి సుమారు లక్షమంది యువత వచ్చిపడ్డారని అంచనా. ఉండటానికి చోటు లేదు, తిండి చాలలేదు, ఆంఫెటమిన్ అనే ఉత్తేజక మందు ఇంజెక్షన్లు పెరిగాయి. డాక్టర్ డేవిడ్ స్మిత్ జూన్‌లో అక్కడే ఉచిత వైద్యశాల తెరిచాడు. అక్టోబరు 6న పేటవాళ్లే 'హిప్పీ చచ్చిపోయాడు' అంటూ శవపేటిక ఊరేగించారు.

1970 నాటి దేశవ్యాప్త చట్టం ఎల్‌ఎస్‌డీని అతి కఠిన నియంత్రణ ఉన్న ఒకటో జాబితాలో చేర్చింది. మొక్కలు, పుట్టగొడుగుల నుంచి వచ్చే సైకడెలిక్ మందుల కేసులకు చాలా తక్కువ ప్రాధాన్యం ఇవ్వాలని 2022 సెప్టెంబరులో నగర పాలక మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఎల్‌ఎస్‌డీకి ఆ సడలింపు వర్తించదు.